ఇంటి మీద వాతావరణ కేంద్రం: రెండేళ్ల వాడకం తర్వాత

2023 ఏప్రిల్‌లో మా ఇంటికి ఒక వాతావరణ కేంద్రాన్ని కొని తెచ్చుకున్నాను. పేరు పెద్దదిగా వినిపించినా వస్తువు చిన్నదే. ఆరుబయట గొట్టానికి బిగించే తెల్లని ప్లాస్టిక్ సెన్సార్ల గుత్తి ఒకటి, ఇంట్లో గోడకు తగిలించుకునే రంగుల తెర ఒకటి, ఆ అంకెలనే ఫోనులో చూపించే యాప్ ఒకటి. ఉష్ణోగ్రత, గాలిలో తేమ, వాయుపీడనం, గాలి వేగం, గాలి దిక్కు, వర్షపాతం అనే ఆరింటినీ ఇది కొలుస్తుంది. కొలిచినదాన్ని బట్టి రాబోయే 12 గంటలు ఎలా ఉంటాయో తెర మీద ఎడమ మూలన ఒక బొమ్మ వేసి చెబుతుంది. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ తరగతిలో ఆన్‌లైన్‌లో దొరికేవన్నీ దాదాపు ఒకే అచ్చులో పోసినవి, పైన అంటించిన పేర్లే వేరు, కనుక ఇక్కడ రాసేది వాటిలో దేనికైనా చాలావరకు వర్తిస్తుంది. మా ఇల్లు కృష్ణా డెల్టాలో, సముద్రానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ వివరం ఊరకే చెప్పడం లేదు. ఇలాంటి యంత్రం మంచిచెడ్డలు అది ఏ అక్షాంశం మీద, తీరానికి ఎంత దూరంలో నిలబడి ఉందన్న దాన్ని బట్టి మారిపోతాయి.

మొదట ఆ బొమ్మ సంగతి. బిగించిన మొదటి వారంలోనే ఒక విచిత్రం గమనించాను. ప్రతిరోజూ మధ్యాహ్నం రెండు దాటాక తెర మీద సూర్యుడు పోయి మబ్బు వచ్చేది, మూడున్నర నాలుగు గంటలకు ఆ మబ్బు కింద వానచినుకులు కూడా పడేవి. బయట చూస్తే ఏప్రిల్ ఎండ, ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. రాత్రి ఎనిమిది తొమ్మిది గంటలకు బొమ్మ తిరిగి తేటపడి, పదింటికల్లా నిండు సూర్యుడు వచ్చేసేవాడు. మొదట యంత్రం చెడిపోయిందనుకున్నాను. కంపెనీ సహాయ కేంద్రానికి రాస్తే, బ్యాటరీలు తీసి మళ్లీ పెట్టమని జవాబు వచ్చింది. అలాగే చేశాను. మర్నాడు నాలుగు గంటలకు మళ్లీ వాన బొమ్మే.

అసలు విషయం యాప్‌లోని పీడనం గీతను వారం రోజులకు పరచి చూసినప్పుడు బోధపడింది. ఆ గీత రోజుకు రెండుసార్లు లేచి, రెండుసార్లు పడుతోంది. ఉదయం పది ప్రాంతంలో ఒక శిఖరం, సాయంత్రం నాలుగు ప్రాంతంలో ఒక పల్లం, రాత్రి పదికి మళ్లీ శిఖరం, తెల్లవారుజామున నాలుగుకు మళ్లీ పల్లం. సముద్రానికి ఆటుపోట్లు ఉన్నట్టే గాలికీ ఉంటాయి. సముద్రపు ఆటుపోట్లలో పెద్ద వాటా చంద్రుడిది. గాలిలో పోటు తెచ్చేది మాత్రం ప్రధానంగా సూర్యుడి వేడిమి. పై వాతావరణంలోని ఓజోను, కింది పొరల్లోని నీటి ఆవిరి ఎండను పీల్చుకుని వేడెక్కడంతో పుట్టే పన్నెండు గంటల అల భూమి చుట్టూ సూర్యుడితో పాటు తిరుగుతూ ఉంటుంది. భూమధ్యరేఖ దగ్గర ఈ అల బలంగా ఉండి, ధ్రువాల వైపు పోయేకొద్దీ నీరసిస్తుంది. మన వైపు ఉదయం పదికీ సాయంత్రం నాలుగుకీ మధ్య పీడనం 3 నుంచి 4 హెక్టోపాస్కళ్లు (పీడనాన్ని కొలిచే ప్రమాణం ఇది) పడిపోవడం ప్రతిరోజూ జరిగేదే. దానికీ వానకూ ఏ సంబంధమూ లేదు.

యంత్రంలోని లెక్క మాత్రం ఇంకో ఆకాశానికి రాసినది. మధ్య అక్షాంశాల దేశాల్లో వాతావరణం మారిందంటే పెద్ద పెద్ద అల్పపీడన వ్యవస్థలు పడమటి నుంచి వరుసగా దాటుతున్నాయని అర్థం, అక్కడ ఒక్క వారంలోనే పీడనం 30 హెక్టోపాస్కళ్లు అటూ ఇటూ కావడం మామూలు, అంత పెద్ద ఊగులాటలో ఈ రోజువారీ చిన్న అల కనిపించను కూడా కనిపించదు. అందుచేత అక్కడ పీడనం కొలిచే బారోమీటర్ పడితే మబ్బు, లేస్తే ఎండ అనే సూత్రం చాలావరకు నిలుస్తుంది. మన తీరంలో నైరుతి కాలంలో 1004 దగ్గర, జనవరిలో 1014 దగ్గర ఉండే పీడనం ఏడాది మొత్తానికి కలిపి మారేదే సుమారు 10. అందులో మూడో వంతు దాకా రోజూ మధ్యాహ్నమే ఖర్చయిపోతుంటే, ఆ పతనాన్ని చూసి వాన వస్తోందని కేక వేసే యంత్రాన్ని ఏమనాలి? తయారు చేసినవారు ఉష్ణమండలం కోసం ఒక్క రోజు కూడా దీన్ని పరీక్షించలేదని మాత్రం తేలికగా చెప్పవచ్చు.

మాన్యువల్‌లో దీనికొక సర్దుబాటు ఉంది. పీడనం ఎంత తగ్గితే బొమ్మ మారాలో 2 నుంచి 4 వరకు మనమే పెట్టుకోవచ్చు. 4 పెట్టి చూశాను. మధ్యాహ్నపు దొంగ వానలు చాలావరకు ఆగాయి. అయితే కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, నిజమైన వానలకు కూడా బొమ్మ కదలడం మానేసింది. కారణం మళ్లీ మన ఆకాశమే. మే, జూన్, సెప్టెంబరు నెలల్లో ఉరుములు మెరుపులతో వచ్చే వాన ముందుగా పీడనం తగ్గించి రాదు. నా గీతల్లో దాని ముద్ర వేరేగా కనిపిస్తుంది: వానకు పది పదిహేను నిమిషాల ముందు ఈదురుగాలి లేచి, ఉష్ణోగ్రత ఒక్కసారిగా ఏడెనిమిది డిగ్రీలు పడి, అదే క్షణంలో పీడనం ఒకటి రెండు హెక్టోపాస్కళ్లు పెరుగుతుంది. ఉరుము మబ్బులోంచి కిందికి కుప్పకూలే చల్లని గాలి బరువు అది. పీడనం పెరిగింది గనుక యంత్రం ఏం చేస్తుందో ఊహించవచ్చు. వాకిట్లో కుండపోత కురుస్తుంటే తెర మీద సూర్యుడు నవ్వుతూ ఉన్న ఫొటోలు నా ఫోనులో మూడు ఉన్నాయి.

బారోమీటర్‌ను పూర్తిగా తీసిపారేయడం కూడా న్యాయం కాదు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తీవ్ర తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకు రెండు రోజుల ముందు నుంచే గీతలో ఆ రోజువారీ రెండు అలలు మొదట వంకరపోయి, తర్వాత ఆనవాలే లేకుండా కరిగిపోయి, గీత ఏటవాలుగా కిందికి దిగడం మొదలైంది. ఉదయం పది గంటలకు లేవవలసిన శిఖరం లేవలేదంటే బంగాళాఖాతంలో ఏదో పెద్దదే ఉందని అర్థం. కనుక మన ప్రాంతంలో బారోమీటర్‌ను చూడవలసిన పద్ధతి ఇది: నిన్న ఇదే గంటకు ఎంత ఉంది, ఇవాళ ఎంత ఉంది అని పోల్చాలి. ఇరవైనాలుగు గంటల తేడాను చూపించే మీట ఒకటి ఉంటే ఈ యంత్రం విలువ రెట్టింపయ్యేది. అది లేదు, నేను పుస్తకంలో రాసుకుంటున్నాను.

ఉష్ణోగ్రత విషయంలో తప్పు యంత్రానిది కొంత, నాది కొంత. మొదట దాన్ని డాబా మీద పిట్టగోడకు బిగించాను. మే నెలలో 44, 45 చూపించి ఇంటిల్లిపాదినీ భయపెట్టింది, అదే రోజున దగ్గరి వాతావరణ శాఖ కేంద్రంలో 40 నమోదైంది. శాఖ వారి థర్మామీటర్లు నాలుగు పక్కలా రెక్కలున్న తెల్లని చెక్కపెట్టెలో, పచ్చికనేల మీద, సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి. వారు కొలిచేది నీడలోని గాలి వేడిమిని. నా సెన్సార్ చుట్టూ ఉన్న ప్లాస్టిక్ పళ్లాల దొంతర కాలిన సిమెంటు మీద, గాలి ఆడని గంటల్లో, తనే వేడెక్కి లోపలి సెన్సార్‌ను కూడా వేడెక్కిస్తోంది. పెరట్లో గడ్డి ఉన్న చోటుకు, ఐదడుగుల గొట్టం మీదికి మార్చాక తేడా ఒక డిగ్రీకి తగ్గింది. గాలి నిలిచిపోయిన మధ్యాహ్నాల్లో ఇప్పటికీ రెండు డిగ్రీలు ఎక్కువ చూపిస్తుంది. ఈ రెండు డిగ్రీలు చిన్న విషయం కాదు. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత కనీసం 40 ఉండి, మామూలు కంటే 4.5 డిగ్రీలు పెరిగితే వడగాలి అని, 6.4 కూడా దాటితే తీవ్ర వడగాలి అని శాఖ లెక్క. తీర ప్రాంతానికి ఆ 40 బదులు 37. సెన్సార్ చేసే తప్పే రెండు డిగ్రీలు ఉంటే మన పెరట్లో వడగాలి ఉందో లేదో దీన్ని చూసి తేల్చలేము.

ఇంతవరకు ఫిర్యాదులే రాశాను గాని, ఈ యంత్రాన్ని నేను ఇంకా పీకి పారేయకపోవడానికి కారణం దీనిలోని మూడు అంకెలను పక్కపక్కన పెట్టి చూడగలగడం: ఉష్ణోగ్రత, గాలి దిక్కు, డ్యూ పాయింట్. గాలి ఎంతకు చల్లబడితే అందులోని ఆవిరి మంచుబిందువులుగా మారుతుందో ఆ ఉష్ణోగ్రతే డ్యూ పాయింట్. టీవీలో చెప్పే తేమ శాతం గాలి వేడెక్కితే తగ్గుతూ, చల్లబడితే పెరుగుతూ మనల్ని తికమక పెడుతుంది. గాలిలో ఆవిరి నిజంగా ఎంత ఉందో డ్యూ పాయింట్ సూటిగా చెబుతుంది. అది 20 లోపు ఉంటే చెమట ఆరుతుంది, 25 దాటితే ఉక్కపోత మొదలవుతుంది, 27 వద్ద ఫ్యాన్ కింద కూర్చున్నా చొక్కా ఆరదు. ఇది నా ఒంటి లెక్క.

2024 మే నెలలోని ఒక మధ్యాహ్నం నా పుస్తకంలో ఇలా ఉంది. ఒంటిగంటకు పడమటి గాలి, ఉష్ణోగ్రత 41.2, తేమ 26 శాతం, డ్యూ పాయింట్ 18. దక్కన్ పీఠభూమి మీద నుంచి ఎండిపోయి, కాగి వచ్చిన గాలి అది. రెండుంబావు దాటాక గాలి దిక్కు చూపే తోక ఒకటికి రెండుసార్లు అటూ ఇటూ తడబడి, ఆగ్నేయానికి తిరిగి నిలిచింది. ఇరవై నిమిషాల్లో ఉష్ణోగ్రత 36.4కు దిగింది, తేమ 59 శాతానికి ఎగబాకింది, డ్యూ పాయింట్ 27 అయింది. సముద్రపు గాలి వచ్చింది. తెర చూసిన వారెవరైనా ఐదు డిగ్రీలు చల్లబడింది కదా అని సంతోషిస్తారు. తడి గుడ్డ చుట్టిన థర్మామీటర్ ఎంత చూపిస్తుందో లెక్క కడితే మాత్రం అది మొదట సుమారు 25.5, తర్వాత 29.5. చెమట ఆరడం ద్వారా శరీరం తనను తాను చల్లబరచుకోగల హద్దు నాలుగు డిగ్రీలు పైకి జరిగిందన్నమాట. వరండాలో కూర్చున్నవారికి గాలి తగిలి హాయిగానే ఉంటుంది. కిటికీలు మూసిన గదిలో ఉన్నవారికి, ఎండలో బరువులు మోసేవారికి ఆ 36 ముందటి 41 కన్నా కష్టం. మా తీరంలో ఉక్కపోతను గురించి వయసు మళ్లినవారు చెప్పే మాటల్లోని నిజం ఇన్నాళ్లకు అంకెల్లో కనిపించింది.

సముద్రపు గాలి రాని రోజుల కథ ఇంకొకటి. పడమటి గాలి మరీ బలంగా ఉన్నప్పుడు సముద్రపు గాలిని తీరం దగ్గరే తొక్కిపెడుతుంది, అది లోపలికి రాలేదు. మచిలీపట్నం వంటి సముద్రతీర పట్టణాలు కూడా 43, 44 దాకా కాగిపోయే రోజులు ఇవే. కాబట్టి మే నెలలో మధ్యాహ్నం ఒంటిగంటకు నేను చూసేది ఉష్ణోగ్రతను కాదు, గాలి దిక్కును. మూడింటి దాకా అది పడమట నుంచి కదలకపోతే ఆ రోజు బయటి పనులు సాయంత్రం ఆరు తర్వాతే పెట్టుకుంటున్నాము.

ఇదే యంత్రాన్ని నా మాట విని అనంతపురంలో మా బావగారు కూడా కొన్నారు. బిగించిన రోజే ఫోను చేసి, పీడనం 966 చూపిస్తోందని చెప్పారు. "బావగారూ, అంత పీడనమంటే ఇప్పుడు మీ డాబా మీద పెనుతుపాను కేంద్రం ఉన్నట్టు" అన్నాను. అనంతపురం సముద్రమట్టానికి సుమారు 350 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ ఎత్తును యంత్రంలో నమోదు చేస్తేనే అది లెక్క సవరించి చూపుతుంది. హైదరాబాదు వంటి 540 మీటర్ల ఎత్తున్న ఊళ్లో ఆ సవరణ 60 హెక్టోపాస్కళ్ల దాకా ఉంటుంది. ఈ ముక్క మాన్యువల్ చివరి పేజీలో, చీమతలకాయంత అక్షరాల్లో ఉంది. కొన్నవారు మొదట చేయవలసిన పని ఇదే.

రెండు చోట్లా ఒకే యంత్రం ఉండడం వల్ల ఒకే రాష్ట్రంలోని రెండు శీతోష్ణస్థితులను పక్కపక్కన చూసే అవకాశం కలిగింది. మార్చిలో బావగారి ఇంట్లో పగటికీ రాత్రికీ మధ్య 15 డిగ్రీల తేడా వస్తుంటే మా ఇంట్లో 9 దాటడం లేదు. గాలిలోని ఆవిరి రాత్రిపూట భూమి వేడిని పోనీయకుండా మా మీద దుప్పటిలా కప్పుకుని ఉంటుంది, అక్కడ ఆ దుప్పటి పలచన. జూన్, జులైలలో మాకు ముసురు పట్టి వారాల తరబడి డ్యూ పాయింట్ 25 నుంచి కదలకపోతే, వారి గాలి మర మాత్రం పడమటి గాలికి రాత్రింబవళ్లు తిరుగుతూ, వాన గిన్నె పొడిగా ఉంటుంది. నైరుతి రుతుపవనాలు తెచ్చిన నీటిని పడమటి కనుమలు ముందే పిండుకుంటాయి. కనుమల మీద ఉన్న ఆగుంబెలో ఏడాదికి 7,000 మిల్లీమీటర్లకు పైగా కురిస్తే, వాటి వానచాటున ఉన్న అనంతపురంలో కురిసేది సుమారు 550. అటు బంగాళాఖాతం కూడా దూరమే, కనుక ఈశాన్య కాలంలో వచ్చే తుపానులు అక్కడికి చేరేసరికి సగం ఖాళీ అయిపోతాయి. తమాషా ఏమిటంటే, రుతుపవన ద్రోణి, అంటే వానలు తెచ్చే అల్పపీడన పట్టీ, హిమాలయాల పాదాల వైపు జరిగిపోయి దేశంలో ఎక్కువ భాగం వానల్లేక విలవిలలాడే విరామపు రోజుల్లో, రాయలసీమలోనూ తమిళనాట కూడా సాయంత్రపు ఉరుముల వానలు పెరుగుతాయి. 2023 ఆగస్టులో దేశమంతా ఎండిపోయినప్పుడు బావగారు రెండు సాయంత్రాల వాన లెక్కలు గొప్పగా పంపించారు.

ఇక వాన గిన్నె. ఈ యంత్రంలో అన్నిటికంటే నేను ఆశ పెట్టుకున్నదీ, అన్నిటికంటే ఎక్కువ విసిగించినదీ ఇదే. పైన గరాటు, దాని కింద త్రాసులా అటూ ఇటూ ఒరిగే రెండు చిన్న గిన్నెలు ఉంటాయి. 0.3 మిల్లీమీటర్ల వాన నిండగానే ఒక గిన్నె ఒరిగి నీటిని పారబోస్తుంది, రెండోది పైకి వస్తుంది, ఆ ఒరుగుళ్లను యంత్రం లెక్కబెడుతుంది. తుంపరకు, జల్లుకు ఇది బాగానే పనిచేస్తుంది. జడివానలో మాత్రం గిన్నె ఒరిగే ఆ అరక్షణంలో పడే నీరు లెక్కకు రాకుండా జారిపోతుంది. అనుమానం వచ్చి పక్కనే అంకెల గీతలున్న మామూలు కొలగొట్టం ఒకటి పాతాను. సెప్టెంబరులోని ఒక రాత్రి వానకు గొట్టంలో 66 మిల్లీమీటర్లు ఉంటే యంత్రం 57 అంది. వాతావరణ శాఖ భాషలో 24 గంటల్లో 15.6 నుంచి 64.4 వరకు మోస్తరు వర్షం, 64.5 నుంచి 115.5 వరకు భారీ వర్షం, అక్కడి నుంచి 204.4 వరకు అతి భారీ వర్షం, ఆపైన అత్యంత భారీ వర్షం. అంటే నా పెరట్లో భారీ వర్షం కురిస్తే యంత్రం మోస్తరుతో సరిపెట్టింది. తొమ్మిది మిల్లీమీటర్లే కదా అనుకోవద్దు. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరుకు ఒక లీటరు నీరు, 100 చదరపు మీటర్ల డాబా మీద ఆ తేడా 900 లీటర్లు.

ఇంకొక లోపం మన లెక్కలకు మరీ అడ్డం వస్తుంది. మన దేశంలో ఒక రోజు వర్షపాతం అంటే ముందు రోజు ఉదయం 8.30 నుంచి ఈ రోజు ఉదయం 8.30 వరకు కురిసినది. ఈ యంత్రానికి రోజు అర్ధరాత్రి మారుతుంది, మార్చుకునే వీలు లేదు. తూర్పు తీరంలో మధ్యాహ్నం లోపలి భూభాగం మీద లేచిన మబ్బులు సాయంత్రం, రాత్రి వేళల్లో తీరం వైపు రావడం పరిపాటి కనుక మా వానల్లో చాలా వాటిని ఇది రెండు తేదీల కింద రెండు ముక్కలు చేస్తుంది. పత్రికలో వచ్చిన మండల వర్షపాతంతో పోల్చాలంటే గంటల లెక్కను యాప్‌లోంచి దింపుకుని, 8.30 దగ్గర మళ్లీ కోసి కూడుకోవాలి.

ఒకరోజు చిటపట ఎండలో యంత్రం వాన కురుస్తోందని చెప్పింది. బొమ్మ కాదు, వాన గిన్నె అంకెలే పెరుగుతున్నాయి. వెళ్లి చూస్తే, గరాటు కన్నంలో పక్షి రెట్ట, ఎండుటాకు కలిసి మెత్తగా అట్టకట్టి, ముందు రోజు కురిసిన నీరంతా పైన నిలిచి, బొట్టుబొట్టుగా ఇప్పుడు దిగుతోంది. ముందు రోజు వానకు లెక్క సున్నా, ఎండరోజుకు 11 మిల్లీమీటర్లు. ఆ తర్వాత రెండుసార్లు కందిరీగలు లోపల మట్టిగూడు కట్టాయి. జూన్ రాకముందే గరాటు విప్పి, పాత టూత్‌బ్రష్‌తో తోమి, గిన్నెలు చేతితో పదిసార్లు ఒరగదీసి తెరలో 3 మిల్లీమీటర్లు పెరిగిందో లేదో చూసుకోవడం ఇప్పుడు అలవాటైంది.

వాన లెక్కలను కార్తెల వారీగా కూడా రాసుకుంటున్నాను. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే 13, 14 రోజుల కాలం ఒక కార్తె, ఏడాదికి 27. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలు ఊరికే అనలేదు. నా రెండేళ్ల పుస్తకంలోనూ అత్యధిక ఉష్ణోగ్రతలు మే చివరి వారం చుట్టూనే ఉన్నాయి. మృగశిర జూన్ 8 ప్రాంతంలో వస్తుంది, నైరుతి కేరళను తాకే సగటు తేదీ జూన్ 1 కనుక ఈ లెక్క కూడా సగటున చక్కగా అతుకుతుంది. అయితే సగటు వేరు, ఆ ఏడు వేరు. రుతుపవనాలు కేరళకు 2023లో జూన్ 8న, 2024లో మే 30న, 2025లో మే 24న వచ్చాయి. కార్తె మాత్రం పంచాంగంలో ఒక్క రోజు కూడా కదలదు. కదలదంటే పూర్తిగా కదలదని కాదు, నక్షత్రాలను బట్టి లెక్కించేది కావడంతో ఇంగ్లీషు తేదీలతో పోలిస్తే సుమారు 70 ఏళ్లకు ఒక రోజు చొప్పున తర్వాతి తేదీకి జరుగుతుంది. మా తాతగారి చిన్ననాటి మృగశిరకూ నేటి మృగశిరకూ ఒక రోజు తేడా. అక్టోబరు తర్వాతి కథలో మా డెల్టా మధ్యస్థంగా ఉంటుంది. నెల్లూరు వారికి ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లో ఈశాన్య గాలులతోనే వస్తుంది, ఉత్తరాంధ్రకు నైరుతే ప్రధానం, మాకు రెండింటిలోనూ వాటా ఉంది, రెండింటి ముంపులోనూ వాటా ఉంది.

గాలి వేగం గురించి పెద్దగా చెప్పేది లేదు. దాన్ని పది మీటర్ల ఎత్తులో, అడ్డు లేని చోట కొలవాలి. ఐదడుగుల గొట్టం మీద, కొబ్బరిచెట్ల మధ్య ఈ మర చెప్పే వేగాన్ని పట్టించుకోవద్దు. గంటకు 31 నుంచి 49 కిలోమీటర్ల గాలి వాయుగుండానికి, 62 నుంచి తుపానుకు గుర్తు అని చదివి, మన మర 20 చూపిస్తోంది గనుక భయం లేదనుకుంటే ప్రమాదం.

ప్లాస్టిక్ గట్టిదే, రెండు వేసవులకు తెలుపు కొంచెం పసుపు తిరిగింది, పగుళ్లు రాలేదు. ఉప్పుగాలికి బ్యాటరీ అరలోని తీగచుట్టలు పచ్చగా తుప్పు పట్టాయి. వాసెలిన్ రాస్తే ఆగింది. తేమ సెన్సార్ రెండో వర్షాకాలం నాటికి 99 దగ్గర ఇరుక్కుని, వాన వెలిసిన పూట కూడా దిగలేదు. గ్యారంటీ ముగిసి నెల రోజులైందని కంపెనీ వారు విడి సెన్సార్ ఇవ్వలేమన్నారు, మొత్తం గుత్తి కొనమన్నారు. గుత్తి ధర యంత్రం ధరలో సగానికి పైనే. కొన్నాను, మనసొప్పకుండా కొన్నాను. యాప్ ఉచితమే గాని ఏడాది దాటిన లెక్కలను చెప్పాపెట్టకుండా చెరిపేస్తుంది, నెలకొకసారి దింపుకోవడం మంచిది.

రేపటి వాన సంగతి తెలుసుకోవడానికి నేను దీన్ని చూడను. జిల్లాల వారీ సూచన వాతావరణ శాఖ నుంచి రోజూ వస్తుంది, పసుపు, నారింజ, ఎరుపు రంగుల హెచ్చరికలు ఉంటాయి. అందులో "ఒకటి రెండు చోట్ల" అంటే ఆ ప్రాంతంలోని కేంద్రాల్లో నాలుగో వంతుకు మించకుండా అని, "కొన్ని చోట్ల" అంటే సగానికి మించకుండా అని తెలిసి చదివితే, మా వీధిలో పడలేదని సూచనను తిట్టుకునే అవసరం సగం తగ్గుతుంది. రాబోయే రెండు గంటలకైతే మచిలీపట్నం డాప్లర్ రాడార్ చిత్రమే ఆధారం, పిడుగులకు దామిని యాప్. ఆ మూడూ ఊరి మీదికి ఏం వస్తోందో చెబుతాయి. నా పెరట్లో ఏం పడిందో, గాలి ఎప్పుడు తిరిగిందో చెప్పడానికి ఈ యంత్రం ఉంది, ఆ ఒక్క పనికి ఐదులో మూడున్నర ఇస్తాను.

కొనదలచినవారు పెరట్లో నీడ పడని గడ్డినేల ఉంటేనే కొనండి. అపార్ట్‌మెంట్ బాల్కనీలో పెడితే గోడ వేడిని కొలుచుకోవడమే అవుతుంది. వర్షపాతం మాత్రమే కావాలనుకునే రైతులకు యంత్రమే అక్కర్లేదు, అంకెలున్న కొలగొట్టం చాలు. అంచు నేలకు అడుగు ఎత్తున ఉండేలా, చెట్లకు దూరంగా పాతుకుని ఉదయం 8.30కు చూసి రాసుకుని పారబోయాలి. యంత్రాన్నే కొంటే మొదటి రోజున ఎత్తు నమోదు చేసి, గాలి తోకను దిక్సూచితో ఉత్తరానికి సరిచూసి బిగించండి. ఆ తర్వాత తెర ఎడమ మూలన, బొమ్మ వచ్చే చోట, నాలాగా ఒక చిన్న కాగితం ముక్క అంటించుకోవచ్చు. నేను దాని మీద నిన్నటి పది గంటల పీడనం పెన్సిలుతో రాసుకుంటున్నాను.